దింపు రోజు

ఇవాళ తోటలో కొబ్బరి దింపు. నాన్న పోయాక ఈ పనంతా అమ్మే చూస్తోంది. దింపు వాళ్లకి కబురు పెట్టడం, కాయలు రాశి పోయించి లెక్క రాసుకోవడం, అంబాజీపేట మార్కెట్లో రేటు కనుక్కుని బేరం ఆడటం అన్నీ. నాన్న ఉన్నప్పుడు తోటలోకి టీ పట్టుకెళ్లడం తప్ప ఎరగదు. ఇప్పుడు లెక్కలో ఒక్క కాయ తేడా రానివ్వదు.

అలాంటి మనిషి పొద్దున్నే గుమ్మంలో నిలబడి వీధి అటూ ఇటూ చూస్తుంది. పని మీద వెళ్లేవాళ్లకి తను ఎదురొస్తే ఏమనుకుంటారోనని. ఎవరూ లేరనుకున్నాకే చెప్పులేసుకుంటుంది. అది చూస్తే నాకు కడుపు మండిపోతుంది. నాన్నని గుండెజబ్బు తీసుకుపోయింది, ఎవరినీ ఏమీ అనలేం. అమ్మని గుమ్మం దగ్గర ఆపింది మాత్రం మన మనుషులే.

మధ్యాహ్నం భోజనాల దగ్గరుండగా మామ్మకి పిన్ని ఫోన్ చేసింది. లక్ష్మివారం చెల్లి పెళ్లికి పసుపు కొడుతున్నారు. "అక్కని ముందురోజే పంపండత్తయ్యా. సారెలోకి కొబ్బరి లౌజు తను చేస్తేనే కుదురుతుంది. పసుపు కొట్టేటప్పుడు మాత్రం వంటింట్లో ఉంటే... మీకు తెలుసు కదా." స్పీకర్ ఆన్‌లో ఉంది. అమ్మ నా కంచంలో మజ్జిగ పోస్తూనే ఉంది.

పిన్ని చెడ్డది కాదు. నాన్న ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ క్యారేజీ పంపింది. ఆమె నోట ఆ మాట వినడం అందుకే మరీ కష్టమనిపించింది.

అమ్మది రాజమండ్రి. వీరేశలింగం పంతులుగారి కథ నా చిన్నప్పుడు ఆవిడే చెప్పింది. 1881 డిసెంబర్ 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, వెలికి భయపడి వంటకీ నీళ్లకీ మనుషులు రాకపోతే, భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నీళ్లు మోసుకొచ్చి వండారట. ఇన్నేళ్ల తర్వాత అదే గోదారి ఒడ్డున, వంటకి రమ్మని పిలిచిన చేతుల్ని రోకలి పట్టుకోవద్దంటున్నారు.

మామ్మ కాసేపు ఫోన్ వంకే చూసింది. తర్వాత, "లౌజు బజార్లో దొరుకుద్ది. నా కోడలొస్తే రోలు దగ్గరికే వస్తాది, వంటింట్లోకి కాదు" అని పెట్టేసింది.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అమ్మ మాత్రం, "ఈ మాట పదోరోజున అనుంటే బావుండేదత్తయ్యా" అంది.

ఆ రోజు అమ్మ గాజులు తీయించినప్పుడు మామ్మ పక్కనే ఉంది. ఆచారం అంది. ఇవాళ బావురుమంది. "నా కొడుకు పోయాడమ్మా. వాళ్లు ఏం చెప్తే దానికి తలూపాను. నాకూ అలాగే చేశారు కదా అనుకున్నాను." అమ్మ ఊరుకోబెట్టలేదు, అలాగని లేచి వెళ్లనూ లేదు. నాన్న పోయాక ఆ రోజు గురించి అత్తాకోడళ్లు మాట్లాడుకోవడం ఇదే మొదలు. చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో నాన్న చిన్నప్పుడు కాలవలో పడిపోయిన సంగతొచ్చి ఇద్దరూ నవ్వారు కూడా.

సాయంత్రం బాబాయి ఫోన్ చేసి "వదినని తీసుకురా అమ్మా, పసుపు కొట్టడానికే" అన్నాడు. గొంతులో మొహమాటం తెలుస్తూనే ఉంది. అమ్మ ఇంకా ఊఁ అనలేదు. పదిమందిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని టెన్షన్. నేను లక్ష్మివారానికి సెలవు పెట్టాను. వస్తానంటే రోలు దగ్గర పక్కనే నిలబడతాను. రానంటే ఈ ఇంటి నుంచి లౌజు కూడా వెళ్లదని మామ్మతో చెప్పేశాను.