సాలూరు ఘాటీ ఎక్కితే మే నెలలోనూ దుప్పటే

మే నెల మధ్యాహ్నం సాలూరు బస్టాండులో నిలబడాలంటే ప్రాణం పోతుంది. ఒడిశాలోని కోరాపుట్‌కి బస్సు ఎప్పుడని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో టైం చెప్పారు. చివరికొచ్చిన ప్రైవేటు బస్సులో, ఆ దారిలోనే కొండల మీదున్న సిమిలిగుడకి టికెట్ తీసుకున్నాను. చిల్లర తర్వాత ఇస్తానన్న కండక్టరు మళ్లీ నా వైపు చూస్తే ఒట్టు.

పక్క సీట్లో సునాబెడ వెళ్లే పెద్దావిడ. వాళ్ల మామగారు ఎప్పుడో అక్కడి విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ పనికి బొబ్బిలి నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయారట. నా చిన్న సంచీ చూసి, "ఏటి బాబూ, దుప్పటి తేలేదేటి? సాయంత్రం వానొచ్చిందంటే సలికి ఆగలేవు" అంది. ముందు సీట్లో ఆయన కూడా తలూపాడు. బయట మాత్రం రోడ్డు మీద తారు మెరుస్తోంది.

పి.కోనవలస దాటగానే ఘాటీ మొదలు. బస్సు ఫస్ట్ గేర్లో మూలుగుతూ ఎక్కుతుంది, ఎదురుగా లారీలు దిగుతుంటాయి, వెనక సీటు పిల్లాడు ఆపకుండా వాంతులు. ఇదంతా భరించినందుకు సుంకి దగ్గర ప్రతిఫలం దొరికింది. కిటికీలోంచి తగిలిన గాలిలో ఉక్క లేదు! ఎండ తగ్గలేదు, కానీ ఒంటి మీద చెమట ఆరిపోతోంది. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగినప్పుడు పనస తొనలు కొని పెద్దావిడకీ పెట్టాను.

సాలూరు సముద్ర మట్టానికి నూరు మీటర్ల పైచిలుకు. సిమిలిగుడ తొమ్మిది వందలకు అటూ ఇటూ. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందంటారు కాబట్టి, ఈ ఎత్తుకి ఐదు డిగ్రీలు తగ్గాలి. ఒంటికి తెలిసింది మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. తీరం తేమ కింద వదిలేసి రావడం వల్లే ఆ సుఖం. పొట్టంగి వైపు వెళ్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. ఈ కొండలకు తూర్పున పడ్డ వాన వేగావతిలో, నాగావళిలో కలిసి బంగాళాఖాతానికి పోతుంది. పడమట పడ్డది కొలాబ్‌లోకి జారి, కిందకెళ్లాక శబరి అయి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మా ఊరి చెరువుకీ పాపికొండలకీ నీళ్లు పంచే గట్టు ఇదే.

సిమిలిగుడలో దిగేసరికి మబ్బు పట్టింది. పగలంతా కాగిన నేల మీద గాలి పైకి లేచి, సముద్రం వైపు నుంచొచ్చే తేమతో కలిస్తే ఇక్కడ సాయంత్రాలు ఉరుముల వానే. నాలుగు చినుకులనుకుంటే వడగళ్లు పడ్డాయి. లాడ్జి రేకుల మీద ఆ మోతకి మాట వినబడలేదు. రాత్రికి నిజంగానే దుప్పటి అడిగి తెచ్చుకున్నాను, దానికి వేరే డబ్బులు తీసుకున్నారు. అందరూ డిసెంబరులో మంచు కోసం పరిగెత్తి రూములకు రెట్టింపు ధర కడతారు. నన్నడిగితే ఈ ఊరు ఎంత గొప్పదో తెలియాలంటే మే నెలలోనే రావాలి.

మర్నాడు దేవమాలి ఎక్కాం. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు, 1672 మీటర్లు. ఫొటోలు మీరూ చూసే ఉంటారు. నన్ను బాధపెట్టింది ఆ దారి పొడవునా కనబడ్డ బోడి కొండలు. పోడు కొట్టి, కలప కొట్టి చెట్టు మిగల్లేదు. రాత్రి అంత వాన పడితే తెల్లారేసరికి ఎర్రమట్టి కాలువ తప్ప నీటి జాడ లేదు. జీపు డ్రైవరు, ఆయనా తెలుగే, "మా సిన్నప్పుడు ఇక్కడ ఊటలుండేవి సార్" అన్నాడు. చెట్లు పెంచకపోతే ఈ చల్లదనం ఇంకెన్నాళ్లో అని నాకు నిజంగా భయమేసింది.

తిరుగు ప్రయాణం జైపూర్ మీదుగా పెట్టుకున్నాను. కోరాపుట్ నుంచి ఘాటీ దిగితే ఎత్తు రెండు వందల మీటర్లే తగ్గుతుంది. కానీ వరి పొలాల మధ్య పళ్లెంలా ఉన్న ఆ ఊళ్లోకి రాగానే మళ్లీ వేడి. మన్యం జ్వరాలకు తట్టుకోలేక బ్రిటిష్ వాళ్లు 1870లో జైపూర్ వదిలి కోరాపుట్‌లో కాపురం పెట్టారంటే పెట్టరూ మరి! మెస్‌లో ఫ్యాన్ కింద చోటు కోసం నిలబడాల్సి వచ్చింది. భోజనం బాగుంది, నూట ఇరవై తీసుకున్నారు, రెండోసారి పప్పు మాత్రం వెయ్యలేదు.