కాకటీల్‌ను కొన్న సాయంత్రం

2014 డిసెంబరులో మా అబ్బాయి పుట్టినరోజు బట్టల కోసం తిరుపతి గాంధీ రోడ్డుకు వెళ్లి, తిరుగుదారిలో ఒక పక్షుల దుకాణం ముందు ఆగాము. పసుపుపచ్చని తల, బుగ్గల మీద నారింజ రంగు చుక్కలు, నెత్తిన నిక్కిన తురాయి ఉన్న కాకటీల్ అనే చిన్న చిలుక ఒకటి వాడి వేలి మీదికి ఎక్కింది. అరగంట గడవకముందే పంజరంతో, గింజల పొట్లంతో సహా దానిని ఆటోలో ఇంటికి తీసుకువెళ్తున్నాము. అది ఎన్నేళ్లు బతుకుతుందని నేను అడగలేదు.

బాగా చూసుకుంటే కాకటీల్ 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఆనాటి ఎనిమిదేళ్ల పిల్లవాడు చెన్నైలో ఇంజనీరింగ్‌కు వెళ్లిపోయాడు. మేము చిట్టి అని పిలుచుకునే ఆ పక్షి మా ముందు గదిలోనే ఉంది. పిల్లవాడి ముచ్చట కోసం తెచ్చిన ప్రాణికి వాడి బాల్యం ముగిసిన తరువాత కూడా బతుకు మిగిలి ఉంటుందని ఆ సాయంత్రం నాకు తోచలేదు, అదే నా తప్పు.

మొదటి రెండేళ్లు కొర్రలు, పొద్దుతిరుగుడు గింజలు తప్ప మరేమీ పెట్టలేదు. గింజలే ఆహారమైతే ఎ విటమిన్ లోపిస్తుందని, కాలేయానికి కొవ్వు పడుతుందని పశువైద్యుడు చెప్పిన తరువాత మునగాకు, కొత్తిమీర, క్యారట్ తురుము అలవాటు చేయడానికి నాకు నెలలు పట్టింది. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి పక్షుల ప్రాణం తీస్తుందని తెలిసి ఆ పెనాన్ని తీసివేశాము. ఇప్పుడు మా ఇంట్లో దోసెలు ఇనుప పెనం మీదే. పక్షి తన జబ్బును చివరి వరకు దాచుకుంటుంది కాబట్టి వారానికొకసారి వంటింటి త్రాసు మీద నిలబెట్టి బరువు రాసుకుంటాను. ఈ పనులన్నిటికంటే కష్టమైనది దానికి తోడుగా ఉండడం. మందగా బతికే జాతి అది, ఒంటరిగా వదిలితే కేకలు వేస్తుంది, కొన్ని పక్షులు తమ ఈకలను తామే పీక్కుంటాయి. ఊరికి వెళ్లాలంటే ముందు దాని దగ్గర ఎవరుంటారో చూసుకోవాలి.

"పాపం, అడవిలో వదిలేయండి" అంటారు బంధువులు. ఆస్ట్రేలియా జాతికి చెందిన, పంజరంలో పుట్టి పెరిగిన పక్షికి శేషాచలం కొండల్లో తిండి వెతుక్కోవడం తెలియదు. అలా వదలడం చంపడంతో సమానం. మరికొందరు మన రామచిలుకనే పెంచుకోవచ్చు కదా అంటారు, కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని కొనడం, ఇంట్లో బంధించడం నేరం.

కిందటి నెల మా కార్యాలయంలో ఒక సహోద్యోగి, కూతురి పుట్టినరోజుకు ఇలాంటి పక్షినే కొనాలని దుకాణం చిరునామా అడిగారు. దానికి బదులు, వేసవి సెలవుల్లో మేము ఊరికి వెళ్లే పది రోజులు చిట్టిని మీ ఇంట్లో ఉంచుకుని చూడండి, ఉదయం ఆరింటికి అది వేసే కేకలు, గది నిండా రాలే పొట్టు, ఎండకు పంజరం చుట్టూ కట్టే తడి గుడ్డలు అన్నీ చూసిన తరువాత మాట్లాడుకుందాం అన్నాను. ఇంట్లో అడిగి చెబుతానన్నారు.