మౌస్ లేని మంగళవారం

పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే మౌస్ కదల్లేదు. తిప్పి చూస్తే లోపల సెల్ లేదు. రాత్రి గోడ గడియారం ఆగిపోయిందని అమ్మ అది తీసి అందులో వేసేసిందట. "గడియారం ఆగిపోయి ఉంటే ఇంటికి మంచిది కాదురా. నీ ఎలకకి ఒక్కరోజు సెలవిస్తే ఏం పోతుంది?" అంది. బయట వాన. టచ్‌ప్యాడ్‌కీ నాకూ మొదట్నుంచీ పడదు. సరే, కీబోర్డుతోనే కానిద్దాం అనుకున్నా.

ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్ వాడబట్టి ఆరేళ్లు. కంట్రోల్ పి కొట్టి ఫైలు పేరులో మూడు నాలుగు అక్షరాలు టైప్ చేస్తే చాలు, ఫైలు దొరుకుతుందని ఎప్పట్నుంచో తెలుసు. తెలిసీ ఎడమపక్క ఫోల్డర్లు ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోయేవాణ్ణి. ఆల్ట్ పట్టుకుని బాణం నొక్కితే లైను పైకీ కిందకీ జరుగుతుంది, షిఫ్ట్ కూడా కలిపితే కాపీ అవుతుంది. ఇన్నాళ్లూ దానికీ కట్, పేస్టే. మధ్యాహ్నానికి చేతులు అలవాటు పడ్డాయి. కాస్త పొగరు కూడా వచ్చింది.

అప్పుడే టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి కాల్‌లో స్క్రీన్ చూపిస్తున్నా. బిల్లు లెక్కల ఫైల్లో 'రేట్' అన్న వేరియబుల్‌ని, అంటే కోడ్‌లో ఒక విలువకి పెట్టుకున్న పేరుని, 'ప్రైస్' చేయాలి. షిఫ్ట్, బాణాలతో ఆ పదం సెలెక్ట్ చేసి కంట్రోల్ షిఫ్ట్ ఎల్ కొట్టా. ఫైల్లో ఆ అక్షరాలున్న ప్రతిచోటా కర్సర్లు మిణుకుమన్నాయి. "చూశావా!" అంటూ ప్రైస్ అని టైప్ చేశా. రన్ చేస్తే స్క్రీనంతా ఎర్రర్లు. 'జనరేట్' కాస్తా 'జనప్రైస్' అయి కూర్చుంది.

"అన్నా, జనప్రైస్ అంటే ప్రజల ధరా?" అన్నాడు వాడు, చాలా వినయంగా.

కంట్రోల్ జెడ్ కొట్టి, పరువు కూడా అలాగే వెనక్కొస్తే బాగుండనుకున్నా. తప్పు నాదే. మనం అక్షరాలు సెలెక్ట్ చేసి ఇస్తే కంట్రోల్ షిఫ్ట్ ఎల్ ఏ పదం కడుపులో ఉన్నా వాటిని పట్టుకొస్తుంది. ఏదీ సెలెక్ట్ చేయకుండా కర్సర్‌ని పదం మీద ఉంచి కంట్రోల్ డి కొడుతూ పోతే పూర్తి పదాన్నే, ఒక్కొక్కటిగా పడుతుంది. అక్కర్లేనిది తగిలితే కంట్రోల్ కె, కంట్రోల్ డి కొట్టి దాటేయొచ్చు.

అసలు వేరియబుల్ పేరు మార్చడానికి ఎఫ్2 ఉంది. అది అక్షరాల్ని కాదు, ఆ వేరియబుల్‌నే గుర్తుపట్టి, వేరే ఫైళ్లలో వాడిన చోట్ల కూడా మారుస్తుంది. నేనెందుకు వాడనంటే, నా లాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ అన్న మీట కలపకుండా ఎఫ్2 నొక్కితే సౌండు తగ్గిపోతుంది. ఇవాళ కలిపి నొక్కా. పది సెకన్లలో పని అయిపోయింది.

సాయంత్రం వాన తగ్గాక వెళ్లి రెండు సెల్స్ తెచ్చా. ఒకటి మౌస్‌లో వేస్తుంటే అమ్మ రెండోదానికి చెయ్యి చాపింది. లోపలి గదిలో గడియారం కూడా ఆగిందట.