రెండో మడి జొన్న

మా బడిలో నీళ్ల తొట్టికీ ప్రహరీకీ మధ్య ఉన్న చల్క నేలలో ఇప్పుడు సైకిళ్ల షెడ్డు వేశారట. 1982లో మేం తొమ్మిదో తరగతి చదివేటప్పుడు అక్కడ రెండు మడులు ఉండేవి. రెండింటిలోనూ మన నాగర్‌కర్నూలు చుట్టుపక్కల పండే పచ్చజొన్నే. ఒకదానికి పశువుల ఎరువు వేయాలి, ఇంకొకదానికి వేయకూడదు. తేడా చూసి రికార్డు పుస్తకంలో రాయాలి. జీవశాస్త్రం సార్ అలా చెప్పి సెలవు మీద వెళ్లారు. ఎరువు లేని రెండో మడి నా వంతుకు వచ్చింది.

మృగశిర కార్తెలో, జూన్ 14న, మొదటి మడి విత్తారు. నేను రేపు విత్తుతానని విత్తనాల పొట్లం ఇంటికి తీసుకుపోయి గూట్లో పెట్టి మరిచిపోయాను. తొలి ఏకాదశికి పేలపిండి చేయాలని అమ్మ గూడు వెతికింది. మిగతా కథ మీరు ఊహించగలరు. జులై 4, ఆదివారం, పక్కింటి అవ్వ దగ్గర దోసెడు పచ్చజొన్నలు అడిగి తెచ్చి ఎవరూ లేనప్పుడు విత్తాను. రికార్డులో మాత్రం జూన్ 14 అనే రాశాను.

సెలవు నుంచి వచ్చిన సార్ మోకాలెత్తు మొదటి మడినీ, మొలకైనా లేని నా మడినీ చూశారు. “ఎరువు లేదు కదా సార్, మొలక ఆలస్యం” అన్నాను. జొన్న నాలుగైదు రోజుల్లో మొలుస్తుందని ఆయనకు తెలియదా! “సరే, రాసిపెట్టు” అని ఊరుకున్నారు.

అక్టోబరు మొదటి వారంలో మొదటి మడి కంకి వేసింది. నాలుగు రోజులకు నాదీ వేసింది. నేను ఎగిరి గంతేశాను. ఇరవై రోజుల ఆలస్యం ఎక్కడికి పోయిందో నాకు అనవసరం, అబద్ధం మాత్రం నిలబడింది. మొక్కలు కురచగా ఉన్నాయంటే ఆ నేరం ఎరువు మీదికి పోతుంది.

సార్ రెండు మడుల్లోనూ ఒక్కో కర్ర కోయించి కణుపులు లెక్కపెట్టమన్నారు. మట్టి పైన మొదటి దానికి 14, నాదానికి 10. “ఎరువు తక్కువైతే కణుపుకూ కణుపుకూ మధ్య ఎడం తగ్గుతుంది. కణుపులే ఇంతగా తగ్గవు. ఒక్కో కణుపు దగ్గర ఒక్కో ఆకు పుట్టింది. ఆకులు వేయడం ఆపేసి కొన కంకిగా మారింది. మరి నీ జొన్నకు ఆకులు వేయడానికి రోజులు ఎందుకు చాలలేదు? ఎప్పుడు విత్తావు?”

చెప్పేశాను. దెబ్బలు పడతాయనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. “ఇరవై రోజులు ఆలస్యంగా విత్తితే నాలుగు రోజులే ఆలస్యంగా కంకి వేసిందా?” అని కర్రలు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. జొన్న పొద్దు చూసుకుంటుందని ఆ రోజే విన్నాను. మన దగ్గర పగలు జూన్‌లో సుమారు 13 గంటలు, డిసెంబరులో 11. ఆ కాస్త తేడానే ఆకు పట్టుకుంటుంది. రాత్రి తగినంత పొడవయ్యేదాకా నాటు జొన్న కంకి వేయదు. ఎప్పుడు విత్తినా వానలు వెనకపట్టాకే గింజ పాలు పోసుకుంటుంది.

ఈ ముక్క విన్నాక, హైబ్రిడ్ జొన్న మీద నాన్న ఏళ్ల తరబడి ఎందుకు గొణుగుతున్నాడన్న చిక్కుముడి నాకు విడిపోయింది. 1964లో మన దేశంలో తొలి హైబ్రిడ్ జొన్న సీఎస్‌హెచ్-1 విడుదలైంది. దాని తల్లి సీకే-60ఏ అమెరికా రకం. పొట్టి కర్ర, త్వరగా కోత. పొద్దుతో దానికి పెద్దగా పని లేదు, వయసు నిండగానే కంకి వేస్తుంది. తొలకరిలో వేస్తే వాన ముసురులోనే గింజ కట్టి బూజు పడుతుంది. దిగుబడి చూసి మురిసినవాళ్లు నల్లబడ్డ గింజనూ, పశువులకు చాలని చొప్పనూ చూసి గొణిగారు. నాన్న గొణుగుడు అదే. హైబ్రిడ్‌ది తప్పు అనను. మన ముసురు దానికి తెలియదు, అంతే.

తర్వాత రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలలో చదివి, జొన్న మీదే పరిశోధన చేశాను. కంకి వేసే కాలాన్ని నడిపే జన్యువులు కొన్ని జొన్నలో ఉన్నాయని 1940ల నాటికే అమెరికాలో గుర్తించి వాటికి ‘మా’ (మెచ్యూరిటీ, అంటే పక్వానికి రావడం, అన్న మాటకు పొట్టి రూపం) అని పేరు పెట్టారు. వాటిలో మా-1 నిజానికి ఏ జన్యువో 2011లో తేలింది. పొడవు పగళ్లలో పూతకు అడ్డుపడే జన్యువు అది. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు ప్రయోగశాల గుర్తుకు రాలేదు, నీళ్ల తొట్టి గుర్తొచ్చింది.

రికార్డులో జూన్ 14 కొట్టేసి జులై 4 అని సార్ నా చేతే ఎర్రసిరాతో రాయించారు. ఒక్క సంగతి మాత్రం ఆయనకు చివరిదాకా చెప్పలేదు. సెలవు నుంచి వచ్చిన రోజు మేం బడికి తెచ్చుకున్న పేలపిండిలో ఆయనా గుప్పెడు తిన్నారు. “ఈ ఏడు జొన్న బాగుందిరా” అన్నారు. అది ఆయన ఇచ్చిన పొట్లమే.