పలక చెడలేదు, సందు చెడింది

కడపలోని మా ఇంటి వంటగది గోడకు 2003లో వేయించిన లేత పసుపు టైల్స్‌ను ఈసారి ఎండలు ముదరకముందే పీకించేయాలని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాము. పొయ్యి వెనుక భాగం జిడ్డుతో నల్లబడింది, కుళాయి చుట్టూ బోరు నీళ్ల తెల్లపొర గట్టిగా పేరుకుంది, పలకకూ పలకకూ మధ్య ఉన్న గీతలు ఎప్పుడో తెల్లగా ఉండేవన్న సంగతి కూడా మరచిపోయాము. కొలతలు తీసుకోవడానికి వచ్చిన టైల్స్ మేస్త్రీ మాత్రం టేపు బయటకు తీయకముందే జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, గోడ మీద ఒక్కొక్క పలకనూ వరుసగా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా అతుక్కున్న పలక ఖంగుమంటుంది, వెనుక ఖాళీ ఉన్నది డొల్లగా పలుకుతుంది. ఎనిమిది అంగుళాలకు పన్నెండు అంగుళాల కొలతలో ఉన్న నూట ఎనభై పలకల్లో డొల్ల పలికినవి పదకొండే.

"సార్, పలక బాగానే ఉండాది, సందే చెడిపోయింది. దీనికి గోడంతా పగలగొట్టేదెందుకు?" అన్నాడు. గోడంతా పగలగొట్టి కొత్తవి అతికిస్తే వారం రోజుల కూలి దొరికే మనిషి ఈ మాట అనడం నన్ను కాస్త సిగ్గుపడేలా చేసింది, ఎందుకంటే ఆ ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్న నేను ఒక్కసారైనా గోడను అలా తట్టి చూడలేదు.

ఆ పదకొండు పలకలు డొల్లబోవడానికి కారణం కూడా ఆయనే చూపించాడు. ఒకదాన్ని ఊడదీసి వెనక్కి తిప్పితే, నాలుగు మూలల్లో నాలుగు, నడుమ ఒకటి చొప్పున సిమెంటు ముద్దలు కనిపించాయి తప్ప మిగిలిన భాగమంతా బోసిగా ఉంది. పని త్వరగా ముగించాలనుకున్నప్పుడు పలక వెనుక పూర్తిగా పూయకుండా ఇలా ముద్దలు పెట్టి అదిమేస్తారు. దీనికి తోడు సెరామిక్ పలక నీటిని పీల్చుకునే గుణం కలది కాబట్టి, అతికించే ముందు దాన్ని నీళ్ల తొట్టిలో నానబెట్టకపోతే సిమెంటులోని తడిని అదే లాగేసుకుంటుంది, తడి చాలని సిమెంటు గట్టిపడక పొడిబారిపోతుంది. గాజులా బిగుసుకునేలా కాల్చిన విట్రిఫైడ్ టైల్స్ సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అవి తమ బరువులో అర శాతం నీటిని కూడా పీల్చుకోవు కనుక మామూలు సిమెంటు వాటిని సరిగా పట్టుకోదు, టైల్ అడెసివ్ అనే జిగురు సిమెంటు వాడక తప్పదు. మన ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలియకపోతే విరిగిన ముక్క వెనుక నీటి చుక్క వేసి చూస్తే చాలు, సెరామిక్ అయితే చుక్క చూస్తుండగానే ఇంకిపోతుంది.

మా ప్రాంతంలో పుట్టిపెరిగిన వారికి టైల్స్ విషయంలో ఒక పొరపాటు సహజంగా వస్తుంది. మనం చిన్నప్పటి నుంచీ చూసినది బండలను, అంటే కడప నల్లబండను, బేతంచెర్ల బండను, తాడిపత్రి బండను. బండకు పైనా లోపలా ఒకటే పదార్థం కాబట్టి గీతలు పడినా, మసకబారినా పాలిష్ మిషన్ పెట్టి పై పొర అరగదీస్తే కింద అదే రాయి కొత్తగా బయటపడుతుంది. సెరామిక్ పలకకు ఆ అదృష్టం లేదు. దాని ఒళ్లు కాల్చిన మట్టి, దాని అందమంతా పైన గాజులా కరిగించి పూసిన పలుచని గ్లేజు. ఆ పూత అరిగిన చోట ఎంత రుద్దినా బయటపడేది ఎర్రటి లేదా తెల్లటి మట్టి దేహమే. అందువల్ల టైల్స్‌ను కొత్తగా చేయడమంటే అరగదీయడం కాదు, మీద పేరుకున్నదాన్ని పూతకు దెబ్బ తగలకుండా దించడం, సందులను మార్చడం. పీచుతోనూ ఇసుకతోనూ బలంగా తోమి తోమి మా అమ్మ కాలంలోనే కుళాయి కింది నాలుగు పలకలకు మెరుపు పోయింది, అది ఇక తిరిగి రాదు.

ఈ తేడాను నేను ఒక నష్టం ద్వారా కూడా నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం కుళాయి వెనుక తెల్లపొరను వదిలించడానికి బాత్రూం యాసిడ్‌ను నీళ్లలో కలిపి గోడ మీద పోశాను. టైల్స్ మెరిశాయి, కానీ గోడ మీద నుంచి జారిన యాసిడ్ కింది గట్టు మీదికి చేరి, అక్కడి నల్లబండ బుసబుసమని పొంగింది. కడప బండ సున్నపురాయి జాతికి చెందినది. కోట్ల సంవత్సరాల నాటి సముద్రపు అడుగున పేరుకున్న సున్నం అది, ఆమ్లం తగిలితే కరిగిపోతుంది. అద్దంలా ఉన్న గట్టు మీద అరచేయంత మేర బూడిదరంగు మచ్చ ఏర్పడింది, దాన్ని తర్వాత మిషన్ పెట్టి పాలిష్ చేయిస్తే తప్ప పోలేదు. అదే యాసిడ్ సందుల్లోని సిమెంటునూ తినేస్తుందని, నేను మెరుపు చూసి సంతోషిస్తున్న సమయంలో లోపలికి నీళ్లు దిగే దారి తెరుచుకుంటోందని మేస్త్రీ చెప్పేవరకు నాకు తట్టలేదు.

ఈసారి తెల్లపొరకు నిమ్మ ఉప్పు వాడాను. లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, ముందుగా సందులను మంచినీళ్లతో బాగా తడిపి, అంటే సిమెంటు ఆ పుల్లని నీటిని పీల్చుకోకుండా చూసుకొని, పాత నూలు గుడ్డను ద్రావణంలో ముంచి పలకల మీద పది పదిహేను నిమిషాలు అతికించి ఉంచాను. గట్టు మీద మాత్రం ప్లాస్టిక్ పట్టా పరచి, దాని అంచును గోడకు టేపుతో అంటించాను. గుడ్డ తీశాక మెత్తని స్పాంజితో తుడిస్తే పొర మెత్తబడి వచ్చేసింది, మందంగా ఉన్న చోట మాత్రం మూడుసార్లు చేయవలసి వచ్చింది. నిమ్మరసంతోనూ వెనిగర్‌తోనూ ఇదే పని జరుగుతుంది, కాకపోతే నిమ్మ ఉప్పు చవక, వాసన ఉండదు. పొయ్యి వెనుక జిడ్డుకు పులుపు పనికిరాదు, వేడినీళ్లలో కలిపిన వంటసోడా లేదా గిన్నెల సబ్బు కావాలి. పసుపు మరకల కోసం పెద్దగా కష్టపడనక్కరలేదు. ఎండ పడే గోడ అయితే పసుపు రంగు వెలుతురుకే క్రమంగా వెలిసిపోతుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్ ద్రావణం, యాసిడ్ రెండూ ఒకేచోట కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. పులుపు వాడిన రోజున బ్లీచింగ్ జోలికి పోకపోవడమే మంచిది.

అసలు పని సందులది. మేస్త్రీ చేతిలో సన్నని రంపపు బ్లేడు లాంటి పనిముట్టు ఉంది, దానితో ప్రతి సందులోని పాత తెల్ల సిమెంటును లోతులో మూడింట రెండు వంతుల వరకు గీరి తీయాలి. పైపైన గీరి కొత్త గ్రౌట్, అంటే సందులు నింపే ముద్ద, పూస్తే అది పొరలాగా నిలబడి నాలుగు నెలలకే పెచ్చులూడుతుంది. ఈ గీరడం నేను, మా ఆవిడ కలిసి మూడు రోజులు చేశాము, మెడలు పట్టేశాయి, రెండు పలకల అంచులు చిట్లించాము. గీరిన దుమ్మును బ్రష్‌తో, తడిగుడ్డతో తీసేశాక మేస్త్రీ గ్రౌట్‌ను ముద్దలా కలిపి రబ్బరు పలకతో మూల నుంచి మూలకు ఏటవాలుగా లాగుతూ సందుల్లోకి అదిమాడు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి, పిండిన స్పాంజితో పైభాగాన్ని తుడిచాడు. ఆ తుడుపులో తొందరపడితే సందులోది బయటికొస్తుంది, ఆలస్యమైతే పలక మీద తెల్లగా గట్టిపడిపోతుంది. గట్టుకూ గోడకూ కలిసే మూలలో మాత్రం గ్రౌట్ వద్దన్నాడు. ఆ రెండూ వేర్వేరుగా కదులుతాయి కనుక అక్కడ సిమెంటు చీలక తప్పదు, సాగే గుణమున్న సిలికాన్ నింపాలి. సింకు చుట్టూ ఎపాక్సీ అనే రసాయన జిగురుతో చేసిన గ్రౌట్ వేయించాము. ధర ఎక్కువే కానీ నూనె, పసుపు దానిలోకి ఇంకవు. ఉత్త వైట్ సిమెంటుతో సందులు పూసే అలవాటు మా ఊళ్లో ఇంకా ఉంది, అందుకే చాలా వంటిళ్లలో గీతలు నల్లగా కనిపిస్తాయి.

ఊడదీసిన పదకొండు పలకల స్థానంలో ఏం పెట్టాలన్నది తర్వాతి చిక్కు. 2003 నాటి రకం ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు, అదే పేరుతో దొరికినా కాల్పుకూ కాల్పుకూ రంగు ఛాయ మారుతుంది. అటక మీద ఆనాటి పెట్టెలో ఏడు పలకలు మిగిలి ఉన్నాయి. మిగతా నాలుగింటిని ఫ్రిజ్ వెనుక గోడ నుంచి జాగ్రత్తగా ఊడదీసి ముందుకు తెచ్చాము, ఆ ఖాళీలో ఎవరికీ కనిపించని వేరే రంగు పలకలు అతికించాము. పాత సిమెంటును వెనుక నుంచి వదిలించడానికి పలకను ఒక రోజు నీళ్లలో నానబెట్టి, చదునైన గోనెపట్టా మీద బోర్లించి, ఉలిని దాదాపు పడుకోబెట్టి మెల్లగా తట్టాలి. నిలువుగా కొడితే పలక రెండు ముక్కలవుతుంది.

టైల్స్‌కు రంగు వేయించమని బంధువులు కొందరు సలహా ఇచ్చారు. ఎపాక్సీ ప్రైమర్ వేసి ఆపైన టైల్ పెయింట్ పూస్తే గోడ మీద కొన్నేళ్లు నిలుస్తుంది, కానీ నీళ్లూ చీపురూ తగిలే నేల మీద అది లేచిపోతుంది. మంచి గ్లేజు ఉన్న పలకకు రంగు పూయడం నాకెందుకో పాలకు సున్నం వేసినట్టు అనిపించింది, వద్దనుకున్నాను.

పడకగది పక్కనున్న బాత్రూంకు మాత్రం పగలగొట్టడం తప్పలేదు. నేల కింద నీళ్ల అడ్డుపొర పాడై కింది గది సీలింగు చెమ్మగిల్లుతోంది. పైన ఎన్ని సందులు పూసినా అది ఆగదు. అరవై చదరపు అడుగులే కదా అనుకున్నాను. టైల్స్ వంద కిలోలకు లోపే ఉండవచ్చు గానీ, వాటి కింద ఒకటిన్నర అంగుళం మందాన ఉన్న సిమెంటుతో కలిపి దాదాపు అర టన్ను రబ్బీసు వచ్చింది. పాత సిమెంటు సంచుల్లో సగం సగం నింపితే పదిహేను సంచులయ్యాయి. కూల్చేటప్పుడు నేలను తడుపుతూ ఉండాలి, ముక్కుకు మామూలు గుడ్డ కాకుండా ఎన్‌95 మాస్కు కట్టుకోవాలి. ఆ దుమ్ములోని సన్నని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే బయటకు రాదు, ఏళ్ల తరబడి పీల్చిన కూలీలకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. కంటికి అద్దాలు కూడా అవసరమే. గ్లేజు పెచ్చు గాజు ముక్కతో సమానం.

ఆ పదిహేను సంచులను ఎక్కడ వేయాలని అడిగితే, ట్రాక్టరు వాళ్లలో ఒకరు "వంకలో పోసేస్తాంలే సార్" అన్నారు. కడప ఊళ్లోంచి పారే బుగ్గవంక వాగు ఒడ్డున ఇలా పోసిన పాత గోడల కుప్పలు ఎన్నో చూశాను. 2020 నవంబరులో నివర్ తుపాను వేళ ఆ వంక ఊళ్లోకి పొంగి కాలనీలను ముంచిన రోజులు నాకు గుర్తున్నాయి, నీరు పోయే దారిని రబ్బీసుతో ఇరుకు చేసినవాళ్లలో నేనూ ఒకడిని కాదలచుకోలేదు. కేంద్ర ప్రభుత్వ నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనల ప్రకారం రోడ్ల మీదా కాలువల్లోనూ వీటిని పోయకూడదు, వేరు చేసి ఇంటి ఆవరణలోనే ఉంచి సేకరణ కేంద్రానికి అప్పగించాలి. పెద్ద నిర్మాణాల వారికి మరికొన్ని బాధ్యతలు ఉన్నాయి. అర టన్ను నాలాంటివాడికి మరింత సులువైన మార్గం దొరికింది. రెండు వీధుల అవతల కొత్తగా ఇల్లు కడుతున్న వారు పునాది గోడల మధ్య నింపడానికి మట్టి కొంటున్నారు. ఇనుప ముక్కలు, ప్లాస్టిక్ వేరు చేసి ఇస్తే సిమెంటు పెళ్లలను, పెంకులను వాళ్లే తీసుకెళ్లారు. ఒకసారి కాలిన మట్టి నీళ్లలో నానినా మళ్లీ మెత్తబడదు, పొలంలో పడితే వందల ఏళ్లైనా పెంకుగానే ఉంటుంది. పాత నాగరికతల జాడలు తవ్వేవాళ్లకు ముందుగా దొరికేది కుండ పెంకులే కావడానికి కారణం ఇదే. కాబట్టి దానికి తగిన చోటు నేల కింద నింపుడులోనే గానీ దున్నే నేలలో కాదు.

బాత్రూంలోంచి వచ్చిన తెల్ల పలకల ముక్కలను మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు. గోనెసంచిలో చుట్టి సుత్తితో రెండు మూడు అంగుళాల ముక్కలు చేసి, వంటగది పైనున్న మిద్దె మీద చైనా మొజాయిక్‌లా పరిపించాను. నీళ్లు గొట్టం వైపు జారేలా వాలు పెట్టి, సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్ల ముద్ద మీద గ్లేజు పైకి వచ్చేలా అదిమి, సందులు పూసి, వారం రోజులు తడిపాము. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, నల్లబడ్డ సిమెంటు మిద్దెతో పోలిస్తే మధ్యాహ్నం దాని మీద అడుగు పెట్టడం కొంత తేలిక. అయితే ఈ పొర చదరపు మీటరుకు అరవై కిలోలకు పైగా బరువు పెంచుతుంది, కాబట్టి పాత కప్పుల మీద ఇంజనీరును అడగకుండా వేయరాదు. మట్టి మిద్దెల మీదైతే ఆ ఆలోచనే చేయకూడదు.

మిగిలిన పెద్ద ముక్కలు పూలకుండీల అడుగున రంధ్రం మీద మట్టి జారకుండా ఒక్కొక్కటి చొప్పున పెట్టాము. అడుగంతా పెంకులు నింపితే నీరు బాగా దిగుతుందన్న మాట నిజం కాదు, వేరుకు దక్కే మట్టి తగ్గుతుంది అంతే. కొన్ని పలకలను తులసికోట చుట్టూ వేశాము, పాత రంగుల గ్లేజుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నందున తినే వస్తువులు పెట్టే చోట మాత్రం వాడలేదు. కొత్తగా కొన్న బాత్రూం టైల్స్‌లో ఒక పెట్టెను తెరవకుండానే అటకకు ఎక్కించి, దాని మీద రకం పేరు, బ్యాచ్ సంఖ్య, కొన్న తేదీ పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.