తంబురా మోత, కరెంటు హోరు

మా సంగీత శాఖకు నేను కంప్యూటర్ ఇన్‌ఛార్జిని కావడానికీ నా చదువుకూ సంబంధం లేదు. తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో గాత్రం బోధించడానికి చేరిన కొత్తలో, పరీక్షల రోజున మొరాయించిన ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని నేను బయటికి లాగాను. ఆ మధ్యాహ్నం నుంచి శాఖలో స్విచ్ ఉన్న ప్రతి వస్తువూ నా పద్దులోకి వచ్చింది. విశ్వవిద్యాలయాలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ఏడాది ఎక్సెల్ పట్టికలు నింపడం, పిహెచ్‌డి విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలను వాటి జాతీయ ఆన్‌లైన్ భాండారమైన శోధ్‌గంగకు పంపే రూపంలోకి మార్చడం, ఎలక్ట్రానిక్ తంబురాలకు ఛార్జర్లు వెతకడం అన్నీ నావే. ఈ పనుల్లో ఇన్నేళ్లుగా నన్ను వెంటాడుతున్న చిక్కు ఒకటుంది. యంత్రం దేన్ని చప్పుడు అనుకుంటుందో, దేన్ని పొరపాటు అనుకుంటుందో అది చాలాసార్లు మాకు పాటలో భాగం. మేము చెవితో సర్దుకుని దాటిపోయే దాన్ని మాత్రం అది పట్టుకుని వదలదు.

మొదటిసారి ఇది నాకు తెలిసివచ్చింది 2020లో, తరగతులన్నీ ఫోన్లలోకి మారినప్పుడు. మదనపల్లె నుంచి ఒకరు, పలమనేరు నుంచి ఒకరు, శ్రీకాళహస్తి నుంచి ఇద్దరు, ఇలా ఎవరి ఇళ్లలో వాళ్లు కూర్చుని ఉండగా, నేను తంబురా ఒడిలో పెట్టుకుని శ్రుతి అందించాను. మూడు క్షణాలైనా గడవలేదు, "మేడమ్, తంబురా ఆపేశారా?" అని ఒక అమ్మాయి అడిగింది. నేను మీటుతూనే ఉన్నాను. వాళ్లకు ముందు కొంచెం వినబడి, తరువాత నీళ్లలో మునిగినట్టు అణిగిపోయి, నా గొంతు ఒక్కటే మిగిలిందట. మైకు మార్చాను, ఫోను మార్చాను, చివరికి గది కూడా మార్చాను. మర్నాడు కంప్యూటర్ సైన్స్ శాఖలోని ఒక సహోద్యోగి నవ్వుతూ చెప్పారు: ఎడతెగకుండా, ఒకే తీరుగా, మాట కాకుండా వినబడేదంతా ఆ యాప్ దృష్టిలో ఫ్యాను చప్పుడు. దాన్ని అణచివేయడమే అది చేసే సేవ.

ఆయన మాట విని నేను నవ్వలేకపోయాను. పంచమం, రెండు సారణులు, మంద్ర షడ్జం అనే నాలుగు తీగలను మేము ఎంతసేపు సవరించినా, తీగలను మోసే గుర్రం మీద తీగ కింద నూలుపోగును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపినా, అంతా ఆ మోత ఎడతెగకుండా, ఒకే తీరుగా రావడానికే. తంబురా ఎంత బాగా పలికితే యాప్ దాన్ని అంత త్వరగా తుడిచేస్తుందన్నమాట. యాప్ సెట్టింగుల్లో శబ్దాన్ని మార్పు లేకుండా పంపే ఏర్పాటు ఒకటి దొరికింది, తంబురా తిరిగి వచ్చింది. కలిసి పాడడం మాత్రం ఏ సెట్టింగుతోనూ తిరిగి రాలేదు. నా గొంతు వాళ్లకు చేరి, వాళ్ల గొంతు నాకు చేరేలోపు పట్టే ఆ కాస్త ఆలస్యానికే మొదటి పాఠమైన సరళీ వరుస కూడా చెల్లాచెదురయ్యేది. ఆ ఏడాది మొత్తం ఒకరు పాడుతుంటే మిగిలినవాళ్లు మైకు కట్టేసుకుని కూర్చున్నారు. సంగీతం తరగతిలో అందరూ నోరు మూసుకుంటేనే పాఠం నడుస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

తరువాతి సంవత్సరం ఎం.ఏ. విద్యార్థులకు ప్రాజెక్టుగా, శాఖలో చేతివ్రాతలో ఉన్న స్వరలిపి పుస్తకాలను టైపు చేసే పని ఇచ్చాను. తెలుగు యూనికోడ్‌లో స్వరాక్షరాలన్నీ ఉన్నాయి గాని, తారస్థాయికి పైన పెట్టే చుక్క, మంద్రస్థాయికి కింద పెట్టే చుక్క మాకు తెలుగు అక్షరాల వరుసలో దొరకలేదు. వేరే చోటి నుంచి అరువు తెచ్చిన చుక్క "స" మీద బాగానే కూర్చుంటుంది, "రి" దగ్గరికి వచ్చేసరికి గుడికి తగిలి పక్కకు జారుతుంది, ఇంకో ఫాంట్‌లో గాలిలో వేలాడుతుంది. దానికైనా ఒక ఉపాయం చేశాం. చుక్కకు బదులు అంకె వాడి, అచ్చు వేసేటప్పుడు మార్చుకున్నాం. అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. ఒక అబ్బాయి శ్రద్ధ ఎక్కువై, ఎక్కడో చదివి, పాఠాన్ని "శుభ్రం" చేసే చిన్న ప్రోగ్రామ్‌ను ఫైళ్లన్నిటి మీదా నడిపాడు. అది విరామ చిహ్నాలను తీసివేస్తుంది. మా లిపిలో కామా అంటే ఒక అక్షరకాలం, సెమీకోలన్ అంటే రెండు. "గా , మ పా ;" అని వ్రాసిన చోట గా రెండు, కామా ఒకటి, మ ఒకటి, పా రెండు, సెమీకోలన్ రెండు కలిసి ఎనిమిది కావాలి. శుభ్రమైన తరువాత "గా మ పా" మిగిలింది, అంటే అయిదు. స్వరం ఒక్కటీ పోలేదు, తాళం మొత్తం పోయింది. ఆ అబ్బాయిని కోప్పడలేదు. వాడు తుడిచినవి వాడి కంటికి చుక్కలూ గీతలూ మాత్రమే. మూడు వారాల టైపింగును పాత పుస్తకాలతో సరిచూసి మళ్లీ నింపాం.

ఇందుకు పూర్తిగా తిరగబడిన అనుభవం కటపయాదితో కలిగింది. కర్ణాటక సంగీతంలోని 72 మూల రాగాలను మేళకర్తలంటాం. మేళకర్త రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలను అంకెలుగా మార్చి తిరగవేస్తే ఆ మేళం సంఖ్య వస్తుందని సంగీతం నేర్చుకునేవాళ్లందరికీ తెలుసు. క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ట నుంచి ధ వరకు 1 నుంచి 9, ప నుంచి మ వరకు 1 నుంచి 5, య నుంచి హ వరకు 1 నుంచి 8, ళ 9, ఞ, న సున్నాలు. మాయామాళవగౌళలో మ 5, య 1, తిరగవేస్తే 15. మాళవగౌళకు "మాయా", శంకరాభరణానికి "ధీర", కల్యాణికి "మేచ" తగిలించింది ఈ లెక్క కోసమే. పేరులోనే చిరునామా దాచిన ఈ పద్ధతిని ఎం.సి.ఏ. చదువుతున్న ఒక అమ్మాయికి చెబితే ముచ్చటపడి, సాయంత్రానికల్లా ప్రోగ్రామ్ వ్రాసుకొచ్చింది. 72 పేర్లూ మా విద్యార్థినే టైపు చేసింది.

మొదటి దెబ్బకే నఠభైరవి 20కి బదులు 10 అని వచ్చింది. చూస్తే టైపు చేసినది "నటభైరవి". నిజానికి మాలో చాలామందిమి అలాగే పలుకుతాం, అలాగే వ్రాస్తాం. ఒత్తు పోవడంతో ఠ 2 కాస్తా ట 1 అయి, ఆ రాగం వెళ్లి నాటకప్రియ ఇంట్లో కూర్చుంది. ఝాలవరాళిని "జాలవరాళి" అన్నందుకు 39వది జలార్ణవం చోటైన 38కి చేరింది. రిషభప్రియను "ఋషభప్రియ" అని వ్రాయడం సంస్కృతం తెలిసినవాళ్లకు ఒప్పు కావచ్చు, కాని అచ్చుకు లెక్కలో విలువ లేదు కాబట్టి 62 పోయి 60 వచ్చింది. సాలగం అనవలసినచోట "సాళగం" అన్నందుకు 97వ మేళం పుట్టింది. ఇన్నేళ్లు తరగతిలో ఈ పేర్లన్నీ వింటున్న నేను ఒక్కటీ పట్టుకోలేదు. చెవికి రాగం తెలిసిపోతుంది కనుక పేరు మీద దృష్టి నిలవదు.

పేర్లు సరిచేసిన తరువాత అసలు తగవు మొదలైంది. సంయుక్తాక్షరంలో చివరి హల్లును లెక్కించాలన్న నియమంతో నడిపితే రత్నాంగి 2, సూర్యకాంతం 17, షడ్విధమార్గిణి 46, ధర్మవతి 59 చక్కగా వచ్చాయి గాని చక్రవాకం, దివ్యమణి, విశ్వంభరి, శ్యామలాంగి, చిత్రాంబరి, జ్యోతిస్వరూపిణి ఆరూ తప్పాయి. మొదటి హల్లును లెక్కించమంటే ఈ ఆరూ కుదిరి ఆ నాలుగూ తప్పాయి. ఈ రెండింటిలో ఎటు నడిపినా సింహేంద్రమధ్యమం లొంగలేదు. స 7, హ 8, అంటే 87 అని పట్టుబట్టింది. ఝంకారధ్వనిలో, గాంగేయభూషణిలో, కాంతామణిలో సున్నను వదిలేస్తే లెక్క సరిపోతుంది. ఇక్కడ మాత్రం సున్నను "మ్" అని పలికి, ఆ మ్‌కు 5 ఇస్తే గాని 57 రాదు. "మేడమ్, ఈ నియమం ఎవరు పెట్టారు?" అని ఆ అమ్మాయి కొంచెం చిరాగ్గానే అడిగింది. పేరును లెక్కకు తగినట్టు పెట్టి, కుదరనిచోట లెక్కను పేరుకు తగినట్టు సాగదీశారని నా అభిప్రాయం చెప్పాను. ఆమె ప్రోగ్రామ్ చివర మినహాయింపుల జాబితా చేర్చింది. ఆ జాబితా ఇప్పుడు మా తరగతి గది గోడ మీద ఉంది. పిల్లలకు నియమం కంటే అదే బాగా గుర్తుంటోంది.

అన్నమాచార్యుల సంకీర్తనల రాగాల సూచిక చేసేటప్పుడూ ఇదే గొడవ. రాగిరేకుల మీద పాటకు పైన రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు వరుసలు కట్టబట్టి మనం పాడుకుంటున్నాం. సూచికలో "శంకరాభరణం" ఒక రాగం, "శంకరాభరణము" ఇంకొకటి అయి కూర్చున్నాయి. వెతికి కలపడానికి రెండు రోజులు పట్టింది. ఇదే సంకీర్తనల మీద సిద్ధాంత గ్రంథం వ్రాసిన ఒక విద్యార్థిని కాపీని పట్టే సారూప్యతా పరీక్షకు పంపితే కాగితమంతా ఎర్రబడి వచ్చింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాటితే సంజాయిషీ చెప్పుకోవాలి. ఉల్లేఖనలను ఆ లెక్క నుంచి మినహాయించే వీలు ఆ నిబంధనల్లోనే ఉన్నా, అయిదు వందల ఏళ్ల కిందటి పల్లవిని ఆమె ఎవరి దగ్గర కాపీ కొట్టిందో కమిటీకి నేను వివరించవలసి వచ్చింది. అంతకంటే దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

క్యాసెట్ల సంగతి మాత్రం పూర్తిగా చెప్పాలి. మా శాఖలో చాలాకాలం పాఠం చెప్పి కన్నుమూసిన ఒక విద్వాంసుడి కచేరీలు, పాఠాలు కొన్ని క్యాసెట్లలో ఉండేవి. చాలా ఏళ్ల కిందట వాటిని ఒక దుకాణంలో ఇచ్చి సీడీలకు ఎక్కించాం. 2021 నవంబరులో తిరుపతి వరదల్లో మునిగినప్పుడు బీరువా కింది అరల్లోకి నీళ్లు వచ్చి క్యాసెట్లు బురద పట్టాయి. టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇక మిగిలినవి పై అరలో ఉన్న సీడీలే. వాటిని కంప్యూటర్‌లోకి తీసుకుని వింటే కల్యాణి బ్రహ్మాండంగా ఉంది గాని గొంతు ఆయనది కానట్టు, ఎవరో కుర్రవాడు ఆయన బాణీలో పాడినట్టు ఉంది. శ్రుతి చూస్తే రెండు, అంటే ఒకటిన్నర కంటే అర మెట్టు పైన. ఆయన ఎన్నడూ రెండు శ్రుతిలో పాడలేదు, ఒకటిన్నర దాటేవారు కాదని అందరూ అంటారు. టేపు 6 శాతం వేగంగా తిరిగితే శ్రుతి దాదాపు ఒక అర మెట్టు పెరుగుతుంది. అనుమానం దుకాణం యంత్రం మీదికే పోయింది, కాని దాన్ని రుజువు చేయడానికి అసలు క్యాసెట్లు లేవు.

ప్రాజెక్టు విద్యార్థిని ధ్వనిని సవరించే ఆడాసిటీ ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిచి, హోరు ఎక్కువగా ఉంది, తీసేయమంటారా అని అడిగింది. దాదాపు సరేనన్నాను. తీసేముందు చూద్దామని ఆ ధ్వని పటాన్ని పెద్దది చేస్తే, అడుగున పక్కపక్కనే రెండు సన్నని గీతలు కనిపించాయి. ఒకటి 50 హెర్ట్జ్ దగ్గర, ఇంకొకటి 52 దగ్గర. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, రికార్డింగులో దాని హోరూ అక్కడే పడుతుంది. మొదటి గీత దుకాణంలో ఎక్కించేటప్పుడు చేరిన హోరు. రెండోది కచేరీనాటి హోరు, టేపుతో పాటు అదీ పరుగెత్తి 52 అయింది. పాటతో పాటు పరుగెత్తిన ఆ హోరే వేగానికి కొలబద్ద. కచేరీ రోజున కరెంటు సరిగ్గా 50 ఉంటే టేపు 4 శాతం వేగం. అయితే అప్పట్లో దక్షిణాది గ్రిడ్ 49కి దిగడం మామూలే. 49 ఉండి ఉంటే 6 శాతం. రెంటికీ మధ్య తేడా శ్రుతిలో ఒక పిసరు, ఆ పిసరు దగ్గర యంత్రం ఆగిపోయింది.

ఆ విద్వాంసుడి వెనక చాలా ఏళ్లు తంబురా వేసిన శిష్యులొకరు చిత్తూరులో ఉంటారు. కబురు పంపితే పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. మూడు రకాలుగా సిద్ధం చేసిన ఫైళ్లను ఏది ఏదో చెప్పకుండా వినిపించాం. మొదటిది విని చెయ్యి అడ్డంగా ఊపారు. రెండోది కాసేపు విన్నారు. మూడోది మొదలుకాగానే ఆయన కుడిచెయ్యి తొడ మీద తీగలు మీటుతున్నట్టు కదలడం మొదలైంది.

"ఇదీ ఆయన గొంతు. ఒకటిన్నర. నా తంబురా అంతకంటే బిగిస్తే పంచమం తీగ తెగేదమ్మా," అన్నారు.

అది 6 శాతం తగ్గించిన ఫైలు. హోరు తీయలేదు. పట్టికలో శ్రుతి గడిలో 1½ అని, వివరాల గడిలో రెండు గీతల సంగతి వ్రాయించాను. ఆయన కళ్లు మూసుకుని కల్యాణి ఆఖరిదాకా విని, రెండో వైపు కూడా వేయమన్నారు. రెండో వైపు తోడి ఉంటుంది, తానే తంబురా వేశానన్నారు. సీడీలన్నీ తిరగేసి చూశాం. దుకాణంవాళ్లు ఆ క్యాసెట్‌ను ఒక వైపే ఎక్కించారు.