స్టాపర్ బతుకు

ఫుట్‌బాల్‌లో స్టాపర్ అంటే గోల్ ముందు నిలబడి ప్రత్యర్థులను ఆపే డిఫెండర్. అలాంటి భారత ఆటగాడు సందేశ్ ఝింగన్ ప్రయాణం చూస్తుంటే ముచ్చటేస్తుంది. చండీగఢ్ కుర్రాడు. యునైటెడ్ సిక్కింలో ఆడి, 2014లో కేరళ బ్లాస్టర్స్‌కు వచ్చి, 2020లో కోల్‌కతా చేరాడు. 2021లో క్రొయేషియా క్లబ్ షిబెనిక్‌కు వెళ్తే గాయాలు వెంటాడాయి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే తిరిగి రావాల్సి వచ్చింది. మళ్లీ కోల్‌కతా, తర్వాత బెంగళూరు, 2023లో గోవా. పెట్టె సర్దుకోవడం కూడా ఈ వృత్తిలో ఒక విద్యేనేమో!

నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఆడుతూ ఇదంతా మా కుర్రాళ్లకు చెప్పాను. వెనక నిలబడమంటే ఒక్కరూ ఒప్పుకోరు మరి, అందరికీ గోలే కావాలి. ఇసుకలో వెనక్కి తిరిగి పరుగెత్తడం ఎంత నరకమో వాళ్లకేం తెలుసు? డిఫెండర్ బాగా ఆడిన రోజు హైలైట్లలో కనిపించడు, బంతి వదిలేసిన రోజు మాత్రం పదే పదే చూపిస్తారు. అయినా 2020లో ఝింగన్‌కు అర్జున అవార్డు వచ్చింది.